అందరూ ఔనన్న రోజు

మణిశృంగ నగరాన్ని దూరం నుంచి చూసినవాడు అదృష్టవంతుడు. తూర్పున హంసల నది వెండి మొలనూలులా మెరుస్తూ ఉంటుంది. పడమట దేవదారు వనాల మీదుగా వచ్చే గాలి పునుగు జవ్వాది వాసనలు మోసుకొస్తుంది. నడుమ ఏడంతస్తుల సౌధాలు, వాటి మీద బంగారు కలశాలు, కలశాల మీద నెమళ్ళు. దగ్గరికి పోయినవాడికి మాత్రం సౌధానికీ సౌధానికీ మధ్య మోకాటి లోతు బురద కనిపిస్తుంది. ఆ బురద మీద రాళ్ళు పరిపించాలా వద్దా అని సర్మద రాజ్యపు సామంతులు తాతల నాటి నుంచి మహాసభలో తర్జనభర్జన పడుతూనే ఉన్నారు. ఎవరి పల్లకి వారికి ఉంది కనుక తొందరేమీ లేదు.

ఆ ఉదయం ఆ బురదలో పడుతూ లేస్తూ ఒక తెల్లగడ్డం సామంతుడు పరుగు తీస్తున్నాడు. ఆ గడ్డం తుమ్మజిగురుతో అంటించింది. దాని కింది ముఖానికి నిండా పాతికేళ్ళు లేవు. అతడే వెన్నెలకోట సామంతుడు కుముదవర్మ. ఓడ మునిగి సముద్రం పాలయ్యాడని అతని దాయాది వక్రదంతుడు ఘనంగా కర్మకాండ జరిపించి, అంతకంటే ఘనంగా కోటలో దిగాడు. చచ్చాడనుకున్నవాడు తిరిగొస్తే ముందు ఏడ్చేది తల్లి, ముందు కత్తి దూసేది దాయాది. కుముదవర్మకు తల్లి లేదు. అందుకే గడ్డం.

అతను పరిగెత్తుతున్నది ప్రాణం కోసమే గాని, తన ప్రాణం కోసం కాదు. చెన్నడి ప్రాణం కోసం.

చెన్నడు కుముదవర్మ దాది కొడుకు. ఒకే రొమ్ము పాలు తాగి పెరిగారు, ఒకే ఓడలో మునిగారు, ఒకే కొయ్య పట్టుకుని సమతట ద్వీపానికి కొట్టుకుపోయారు. ఆ ద్వీపంలో రాజు లేడు, న్యాయాధిపతీ లేడు. తగవు పడ్డ ఇద్దరూ కలిసి ఒక బావి తవ్వాలి, అదే అక్కడి చట్టం. నీళ్ళు పడేలోగా తగవు చల్లారేది. అందువల్ల ద్వీపం నిండా సగం తవ్విన గోతులే. దొరబిడ్డగా వెళ్ళిన కుముదవర్మ ఆ గోతుల్లో పలుగు పట్టడం, నోరు అదుపులో పెట్టుకోవడం నేర్చాడు. మనుషులంతా ఒకటేనని కూడా నేర్చాడు గాని, చెన్నడు ఆ పాఠం నేర్వనని మొండికేశాడు.

నిన్న సాయంత్రం హంసల నది దాటబోయే ముందు కూడా అదే వాదన.

"చిన్నదొరా, ఆ దట్టీ విప్పి నా నడుముకు చుట్టండి. అసలే మీ ఈత అంతంతమాత్రం. అది తడిసి బరువెక్కిందంటే మిమ్మల్ని లోపలికి లాగేస్తది" అన్నాడు చెన్నడు.

"దొరా గిరా అనొద్దని ఎన్నిసార్లు చెప్పాన్రా. అన్నా అని పిలవవేం?"

"ఒడ్డెక్కినాక పిలుస్తాలెండి. ముందు విప్పండి."

కుముదవర్మ విప్పి ఇచ్చాడు. ఏటికి అడ్డంగా పొగలకొండ మాంత్రికుడు ధూమ్రపాలుడి తోడేళ్ళ దండు విడిది చేసి ఉంది. ఆ దండు కంటపడకుండా ఇద్దరూ సుడిగుండాల రేవులో దూకారు. ప్రవాహం కుముదవర్మను కోసెడు దూరం కిందికి ఈడ్చుకుపోయి ఒక చాకిరేవులో పడేసింది. అక్కడ ఆరేసి ఉన్న ఎవరో దొర దట్టీ ఒకటి అతను నడుముకు చుట్టుకున్నాడు. చెన్నడు సరిగ్గా కోట రేవులోనే ఒడ్డెక్కాడు. కావలివాళ్ళు అతని నడుమున వెన్నెలకోట ముద్ర ఉన్న పట్టు దట్టీ చూశారు. సర్మద రాజ్యంలో సామంతుడు మనిషిని చంపితే మందలిస్తారు. సామంతుడు కానివాడు దట్టీ కడితే తల తీస్తారు. ఇవాళ నడిమధ్యాహ్నం ఎర్రమిట్ట మీద చెన్నడి తల పోతుంది. తీర్పు మార్చగలిగింది మహాసభ ఒక్కటే. అదృష్టమో దురదృష్టమో, ఆ సభ ఇవాళే కూడుతోంది.

వీధి మలుపులో గొల్లుమని కేకలు వినిపించాయి. రాత్రి చెన్నడి నడుమున ఆ దట్టీ చూసినప్పటినుంచి వక్రదంతుడికి నిద్ర పట్టలేదు. దట్టీ బయటపడితే దాని సొంతదారు ఎంతో దూరంలో ఉండడని, ఉన్నా మారువేషంలోనే ఉంటాడని లెక్క వేసుకున్నాడు. తెల్లవారకముందే రౌతుల్ని తోలి, నగరంలో కనబడ్డ ప్రతి కొత్త గడ్డాన్నీ లాగి చూడమన్నాడు. రౌతులు వరసగా లాగుతున్నారు. నిజం గడ్డాల పెద్దమనుషులు నడివీధిలో తిట్ల పురాణం విప్పారు. ఒక రౌతు చూపు కుముదవర్మ మీద పడింది. గుర్రం ఇటు తిరిగింది. కుముదవర్మ వెనక్కి గెంతి, ఎదురుగా వస్తున్న పెద్ద పల్లకిలోకి తెర తప్పించి తలకిందులుగా దూకాడు.

లోపల మెత్తటి కొండలాంటి దానికి తల తగిలింది. అది ఉల్లిపాక దొర మేఘడంబరుడి బొజ్జ.

"మెల్లగా, పెద్దాయనా, మెల్లగా" అన్నాడు మేఘడంబరుడు, కోపగించుకోకుండా జరిగి చోటిస్తూ. "బురదలో పడ్డారా? నేనూ ఏటా అనుకుంటాను, ఈ వీధికి రాళ్ళు వేస్తే బాగుండునని. ఏ ఊరు తమది?"

"చిలకలమడుగు" అన్నాడు కుముదవర్మ, గొంతు వణికించి.

"ఎప్పుడూ వినలేదు. గొప్ప ఊరే అయ్యుంటుంది. ఈ కజ్జికాయ నోట్లో వేసుకోండి." ఆయనే తెర ఎత్తి రౌతు వైపు చూశాడు. "ఏమిరా, ఉల్లిపాక పల్లకి ఆపే మొనగాడివా? పో అవతలికి."

రౌతు తోక ముడిచాడు. ఇద్దరి బరువూ పడిన బోయీలు మాత్రం సభాద్వారం దాకా మూలుగుతూనే ఉన్నారు. సర్మద రాజ్యంలో ఇంత మంచి మనిషి కూడా ఉన్నాడా అని కుముదవర్మకు కళ్ళు చెమర్చాయి.

మహాసభా మందిరం స్ఫటిక స్తంభాలతో, పగడాల తోరణాలతో దేదీప్యమానంగా వెలుగుతోంది. నడిమిన ఎత్తయిన సింహాసనం, దాని మీదికి పైకప్పు కన్నంలోంచి ఎండ ధారగా పడుతోంది. సింహాసనం ఖాళీ. పాత రాజు పోయి ఏళ్ళు గడిచినా సామంతులు కొత్త రాజును ఎన్నుకోలేకపోయారు. ఎందుకంటే వాళ్ళకొక బంగారు హక్కు ఉంది. సభలో అందరూ ఔనన్నా, దట్టీ కట్టినవాడు ఒక్కడు లేచి "ఒల్లను" అంటే చాలు, ఆ నిర్ణయం పోతుంది. అదొక్కటే కాదు, ఆ సభ అంతకుముందు చేసిన నిర్ణయాలన్నీ దానితోపాటే గంగలో కలుస్తాయి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారు. సర్మద సామంతుల్లో ఉలిపికట్టె కానివాడు పుట్టలేదు. కిందటి సభ ధూమ్రపాలుడి మీదికి సైన్యాన్ని పంపుదామని కూడి, ముందు వరసలో ఎవరి ఏనుగు నడవాలన్న దగ్గర భగ్నమైపోయింది. ధూమ్రపాలుడు ఆ సంగతి విని ఏటి ఒడ్డున తీరిగ్గా గుడారాలు వేసుకున్నాడు.

లోపలికి అడుగుపెట్టగానే కుముదవర్మ తెల్లబోయాడు. ప్రతి సామంతుడి నెత్తిమీదా ఒక గొడుగు ఉంది. ఇంటి లోపల, పైకప్పు కింద, గొడుగు.

"పరదేశపు మర్యాద" అని చెవిలో చెప్పాడు మేఘడంబరుడు. "మృదుమంత్ర పండితులవారు నేర్పారు. వారు గొడుగు లేకుండా ఎక్కడా కనిపించరు. మేని రంగు చెడుతుందట."

మృదుమంత్రుణ్ణి కుముదవర్మ బాగానే ఎరుగును. చిన్నప్పుడు వెన్నెలకోటకు చదువు చెప్పవచ్చిన గురువు ఆయనే. ఎదుటివాడి హోదాకు నడుం ఎంత వంచాలి, ఏ దేశపు బాణీలో తుమ్మాలి, చదవని గ్రంథాన్ని ఏ మాటలతో మెచ్చుకోవాలి, ఇవి ఆయన నేర్పిన విద్యలు. ఇప్పుడాయన ముత్యాల గొడుగు కింద నవ్వుతూ, బంగారు కూజాలతో పరిచారికల్ని వరసల్లోకి పంపుతున్నాడు.

"సభ్యులు అలసి వచ్చారు. మా దేశపు ద్రాక్షారసం. ఒక్క గుక్క" అన్నాడు తేనె గొంతుతో.

ఉచితంగా వచ్చింది వద్దనే అలవాటు సర్మద సామంతులకు లేదు. గుటగుటా తాగేశారు. కుముదవర్మకూ తాగాలనే ఉంది గాని, తడి తగిలితే జిగురు ఊడి గడ్డం పాత్రలో పడుతుంది. ఎవరూ చూడకుండా తన పాత్ర మేఘడంబరుడి పాత్రలో ఒంపేశాడు. ఆయన అదీ తాగేసి సంతృప్తిగా త్రేన్చాడు.

సభకు పెద్ద, దండధరుడు ఉగ్రపాదుడు, లేచి దండంతో నేల తాటించాడు. కుముదవర్మ ఆగలేకపోయాడు. తనే ముందు లేచి, వణుకుడు గొంతుతో, చెన్నడనే వాడి తల కాపాడమని మనవి చేశాడు. దొరల్లో సగంమంది అరుస్తారని, మిగతా సగం కత్తులు దూస్తారని ఎదురుచూశాడు.

"ఔను" అన్నది సభ.

అంతా ఒక్క గొంతుతో. మందిరాన్ని ఆనుకుని ఉన్న గోపురం మీదికి పచ్చజెండా ఎగిరింది. ఏటి ఒడ్డున ఎర్రమిట్ట మీద తలారి దాన్ని చూసి కత్తి కింద పెడతాడు. కట్లు మాత్రం విప్పడు. సర్మద రాజ్యంలో సభ ముగిసేదాకా ఏ ఔనూ నిజం ఔను కాదు. సభ చక్కగా ముగిస్తే చెన్నడు బతికినట్టే. పచ్చజెండా లేకుండా నడిమధ్యాహ్నపు డప్పు మొదలైందా, అది ఆగేసరికి తల తెగుతుంది.

కుముదవర్మకు ఆశ పుట్టింది. ఆశ పుట్టినవాడు ఊరుకోడు. వీధులకు రాళ్ళు పరిపిద్దామన్నాడు. ఔనన్నారు. కరువుకు ధాన్యపు కొట్లు కట్టిద్దామన్నాడు. ఔనన్నారు. ఎవడు ఏ దట్టీ కట్టినా తల తీయకూడదని శాసనం చేద్దామన్నాడు. ఔను, ఔను. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ద్వీపంలో అన్ని గోతులు తవ్వితే గాని తన తలకెక్కని బుద్ధి, ఇక్కడ వీళ్ళకు కూర్చున్నచోటే వచ్చేసింది. ఇన్నాళ్ళూ వీళ్ళను అన్యాయంగా తిట్టుకున్నానని చెంపలేసుకోబోయాడు.

"ఔను" అన్నాడు పక్కనుంచి మేఘడంబరుడు. "ఇంతకీ ఏమడిగారు?"

ఎవరూ ఏమీ అడగలేదు. కుముదవర్మ చేతులు చెంపల దగ్గరే ఆగిపోయాయి. ఆయన ముఖంలోకి వంగి చూశాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, లోపల దీపం లేదు.

"అయ్యా, మీ మీసం గొరిగి నాకిస్తారా?" అని గొణిగాడు.

"ఔను" అన్నాడు మేఘడంబరుడు ప్రేమగా.

సర్మద సామంతుడు తల ఇస్తాడు, మీసం ఇవ్వడు. కుముదవర్మ తన ఖాళీ పాత్రను దూరంగా జరిపాడు. బంగారు కూజాల వైపు చూశాడు. అప్పటికే ఉగ్రపాదుడు, ఎవరో లోపలినుంచి పలికిస్తున్నట్టు, చివరి మాట చదువుతున్నాడు.

"సింహాసనం ఖాళీగా ఉంది. మృదుమంత్ర పండితులవారిని రాజుగా ఎన్నుకుందాం. ఔనా?"

"ఔను."

మృదుమంత్రుడు వినయంగా నడుం వంచి, మెట్లెక్కాడు. సింహాసనం మెట్ల మీదికి గొడుగు రాకూడదని పాత ఆచారం. గొడుగు పట్టినవాడు కిందే ఆగిపోయాడు. పైకప్పు కన్నంలోంచి ఎండ నిండుగా పండితుడి మీద పడింది. కింద పాలరాతి మీద సింహాసనం నీడ ఉంది, దండధరుడి నీడ ఉంది. పండితుడి నీడ లేదు.

నీడ లేనివాడు లోకంలో ఒక్కడే. సర్మద రాజ్యంలో పాలు తాగని పిల్లలకు తల్లులు వాడి పేరే చెప్పి భయపెడతారు. పొగలకొండ ధూమ్రపాలుడు. వాడు ఏటి ఒడ్డున గుడారంలో ఉన్నాడని ఊరంతా అనుకుంటుంటే, వాడు ఊరి బిడ్డలకు తుమ్మడం నేర్పుతున్నాడు. సభంతా ఆ నీడ లేని నేలను చూసింది. చూసి బాగుందన్నట్టు తలలూపింది.

ఉగ్రపాదుడు దండం ఎత్తాడు. "ఒల్లనివారు ఉన్నారా?" దండం నేలను తాకింది. మళ్ళీ ఎత్తాడు. "ఒల్లనివారు ఉన్నారా?"

మూడోసారి దండం పడితే ధూమ్రపాలుడు రాజు. తోడేళ్ళ దండుకు కోట తలుపులు తెరుచుకుంటాయి. దండం పడకముందు ఒల్లను అంటే వీధుల రాళ్ళు, ధాన్యపు కొట్లు, దట్టీ శాసనం అన్నీ పోతాయి. అన్నిటికంటే ముందు పచ్చజెండా దిగుతుంది. ఏ హక్కును పుట్టినప్పటినుంచీ ఏవగించుకున్నాడో ఆ హక్కే ఇప్పుడు అతని నోట్లో ఉంది, దాని అవతల చెన్నడి మెడ ఉంది. కుముదవర్మ లేచి నిలబడ్డాడు.

"ఒల్లను" అన్నాడు.

అది ముసలి గొంతు కాదు. గడ్డం పీకి నేలకేసి కొట్టాడు. దానితోపాటు చర్మం కొంత ఊడింది. "వెన్నెలకోట కుముదవర్మను. చావలేదు. ఈ రాజును ఒల్లను."

మందు తాగినా ఉగ్రపాదుడి చేతులు ఆచారం మరిచిపోలేదు. దండాన్ని మోకాలికేసి రెండుగా విరిచేశాడు. సభ భగ్నమైంది. పైన జెండా తాడు సర్రున జారిన చప్పుడు కుముదవర్మకు వినబడింది. అందరినీ ఒకే ఔనుతో కట్టేసిన మందు, ఆ ఒక్క కాదుతో విరిగింది. గొడుగులు టపటపా నేల రాలాయి. సామంతులు కళ్ళు నులుముకుని, నీడ లేని మనిషిని చూసి బల్లల కింద దూరారు.

సింహాసనం మీది పండితుడు మాత్రం నవ్వుతూనే ఉన్నాడు. "నడుం వంచడమే కదా నీకు నేర్పాను కుముదా. నిటారుగా నిలబడడం ఎవరు నేర్పారు?" అన్నాడు. "సరే. మంచిగా వద్దామనుకున్నాను. ఇక గోడలు పగలగొట్టుకునే వస్తాను." అతని కాళ్ళనుంచి నల్లని పొగ లేచింది. ఆ పొగ మెలికలు తిరుగుతూ పైకప్పు కన్నంలోంచి వెళ్ళిపోయింది. కాసేపటికి ఏటి వైపునుంచి తోడేళ్ళ ఊళలు వినబడ్డాయి.

సామంతులు బల్లల కిందినుంచి లేచారు. లేవగానే తాము భయపడలేదని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ తరువాత కుముదవర్మను చుట్టుముట్టి కౌగిలించుకున్నారు. రాజ్యరక్షకుడన్నారు, శిలావిగ్రహం పెట్టిస్తామన్నారు. వక్రదంతుడు కూడా వచ్చి, తమ్ముడు బతికి వచ్చాడని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. అవి నిజం కన్నీళ్ళే.

"విగ్రహం వద్దు" అన్నాడు కుముదవర్మ, వాళ్ళ చేతులు విడిపించుకుంటూ. "పొద్దు నడినెత్తికి వస్తోంది. అందరూ ఇక్కడే ఉన్నారు. సభ మళ్ళీ కూర్చండి. చెన్నడి తల ఒక్కటే అడుగుతున్నాను. వాడు దట్టీ కట్టింది నా కోసం, నేను ఏట్లో మునగకుండా. కాళ్ళు పట్టుకుంటాను."

ఉగ్రపాదుడు కరిగిపోయాడు. విరిగిన దండాన్ని తన తలపాగా పేలికతో కట్టి నిలబెట్టాడు. గోపురం కింద జెండావాడు పచ్చగుడ్డ భుజాన వేసుకుని, తాడు పట్టుకుని సిద్ధంగా నిలుచున్నాడు.

"చెన్నడికి క్షమాభిక్ష. ఔనా?"

"ఔను" అన్నారు ముందు వరస. మందు లేదు, మాయ లేదు, సొంత బుద్ధితో అన్నారు. "ఔను" అన్నారు వెనక వరస. అందరి చూపూ తన మీద పడేసరికి వక్రదంతుడు కూడా "ఔను" అని మింగాడు. ద్వీపం విడిచిన తరువాత కుముదవర్మ మొదటిసారి గుండెనిండా ఊపిరి పీల్చుకున్నాడు.

దండం ఒకసారి పడింది. రెండోసారి పడింది.

"ఒల్లను" అన్నది ఒక గొంతు, అతని పక్కనుంచే.

మేఘడంబరుడు లేచి నిలబడి దట్టీ సర్దుకుంటున్నాడు.

"అయ్యా" అన్నాడు కుముదవర్మ.

"నీమీద నాకేం కోపం లేదు నాయనా. నీ చెన్నడెవరో నాకు తెలియనే తెలియదు, పాపం మంచివాడే అయ్యుంటాడు" అన్నాడు మేఘడంబరుడు అనునయంగా. "కాని చూడు, మా ముత్తాత ఈ సభలో ఒల్లను అన్నాడు. మా తాత అన్నాడు. మా నాయన జబ్బుతో మంచం మీద వచ్చి మరీ అన్నాడు. ఉల్లిపాక దొర ఒక్క ఒల్లను అయినా అనకుండా ఇల్లు చేరితే మా ఆడవాళ్ళు మంచినీళ్ళు కూడా ఇవ్వరు. పొద్దున ఆ దిక్కుమాలిన రసం తాగి అన్నిటికీ ఔనంటినా, నాకు తల తీసేసినట్టుంది. మిగిలింది ఇదొక్కటే. ఏం చెయ్యను చెప్పు?"

కుముదవర్మ ఆ ముఖంలోకి చూశాడు. అందులో కుట్ర లేదు, పగ లేదు. పొద్దున పల్లకిలో చోటిచ్చి కజ్జికాయ పెట్టిన ముఖమే అది. మాంత్రికుడి మీద రాని కోపం అతనికి ఆ ముఖం మీద వచ్చింది. ఆ కోపంతోనే అతను ఒక్క గెంతులో బల్ల దాటి, జెండావాడి భుజాన ఉన్న పచ్చగుడ్డ గుంజుకుని పళ్ళ మధ్య కరిచిపట్టి, గోపురపు గోడకు వేలాడుతున్న తాడు ఎగబాకడం మొదలుపెట్టాడు.

"సభ ఒప్పుకోని జెండా ఎగరెయ్యకూడదు" అని కింద ఉగ్రపాదుడు కేక పెట్టాడు. వక్రదంతుడు కన్నీళ్ళు తుడుచుకుని విల్లు అందుకున్నాడు. మొదటి బాణం కుముదవర్మ మడమ పక్కన రాతికి తగిలి నిప్పులు రాల్చింది. రెండోది తాడును సగానికి కోసింది. అతను కిందికి చూడలేదు. తాడు పోగులు ఒక్కొక్కటే తెగుతుంటే చేతులు మార్చుకుంటూ పైకి పోతూనే ఉన్నాడు. గోపురం అంచుకు ఇంకా నిలువెత్తు దూరం ఉంది.

అప్పుడు ఏటి ఒడ్డున, ఎర్రమిట్ట మీద, డప్పు మొదలైంది. కింద సభలో, ఆ పచ్చగుడ్డ ఎవరి సొత్తన్న దాని మీద చర్చ మొదలైంది.